మంగు మచ్చలు: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

పదమూడేళ్ళుగా నా బుగ్గల మీద మంగు వస్తూ పోతూ ఉంది. లిఫ్టులోనూ, రైతుబజారు వరుసలోనూ, పేరంటాలలోనూ నన్ను ఆపి అడిగేవారి సందేహాలు ఏటా అవే కావడంతో, అడిగినవారి మాటలలోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. నేను వైద్యురాలిని కాను. ఇందులో ఉన్నది నా చర్మవైద్యులు ఓపికగా చెప్పినది, నేను చదివి నిర్ధారించుకున్నది, కొంత నా చేతులు కాల్చుకుని తెలుసుకున్నది.

## మచ్చ కనిపించిన కొత్తలో

బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. ఇది మంగేనా, ఇంకేదైనానా?

మంగు సాధారణంగా రెండు బుగ్గల మీదా ఇంచుమించు ఒకే ఆకారంలో వస్తుంది. నుదురు, ముక్కు దూలం, పై పెదవి మీది భాగం, కొందరికి దవడ అంచు కూడా నల్లబడతాయి. దురద ఉండదు, మంట ఉండదు, పొట్టు రేగదు. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే మచ్చ ఎక్కడ మొదలైందో తెలియదు, అంత నున్నగా ఉంటుంది.

అయితే ముఖం మీద నలుపంతా మంగు కాదు. కణతల దగ్గరా మెడ వెనుకా చర్మం మందంగా, ముఖమల్ గుడ్డలా నల్లబడితే అది శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. అక్కడ క్రీము కన్నా ముందు షుగరు పరీక్ష అవసరం. జుట్టుకు రంగు వేసుకునేవారికి నుదుటి అంచునా చెవుల పక్కనా బూడిద కలిసిన నలుపు వస్తే ఆ రంగు పడకపోయి ఉండవచ్చు. బొట్టు పెట్టుకునే చోట మాత్రమే నల్లబడితే స్టిక్కరు జిగురునో, కుంకుమలోని రంగునో అనుమానించాలి. చికున్‌గున్యా జ్వరం తగ్గిన తరువాత ముక్కు మీద నలుపు మిగలడం మన ప్రాంతంలో చాలామందికి అనుభవమే. వీటన్నిటికీ చికిత్సలు వేరు కనుక, పేరు తెలియకుండా మందు మొదలుపెట్టకూడదు.

లివరు చెడిపోతే మంగు వస్తుందంటారు. రక్తశుద్ధికి మందు వాడమంటారు. నిజమేనా?

కాదు. మంగుకు కాలేయంతో సంబంధం లేదు, రక్తం మురికి కావడమనేది అసలు లేదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారుచేస్తాయి. మంగు ఉన్నచోట ఆ కణాలు అతిగా స్పందించి, కొద్దిపాటి ఎండకే ఎక్కువ రంగును తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి. ఈ స్వభావం కొంత వంశం నుంచి వస్తుంది. ఎండ, వేడి, గర్భధారణ, హార్మోను మాత్రలు దానిని రెచ్చగొడతాయి. కొందరిలో థైరాయిడ్ సమస్య కూడా కలిసి కనిపిస్తుంది కనుక డాక్టరు ఆ పరీక్ష రాస్తే వృథా ఖర్చు అనుకోవద్దు. ఇక మంగు శని పట్టడం వల్లనే ఈ మచ్చలని చెప్పినవారు కూడా నాకు తారసపడ్డారు. పేరు కలిసిందే తప్ప ఆ శనికీ ఈ మచ్చకూ చుట్టరికం లేదు.

మా అమ్మకు ఉండేది, నాకు వచ్చింది. నా కూతురికి కూడా తప్పదా?

తప్పదని చెప్పలేము. ఇది అంటువ్యాధి కాదు, తువ్వాలు పంచుకుంటే రాదు. కానీ రక్తసంబంధీకులలో ఉంటే వచ్చే అవకాశం పెరుగుతుంది. అమ్మాయికి పదిహేనేళ్ళప్పటి నుంచే సన్‌స్క్రీన్ అలవాటు చేయడం మీ చేతిలో ఉన్న పని.

మగవాళ్ళకు రాదు కదా?

వస్తుంది. ఆడవారికి వచ్చినంత ఎక్కువగా రాదు, వచ్చినా చాలామంది చూపించుకోరు. రోజంతా బైకు మీద తిరిగేవారు, హార్బరులో ఎండన పనిచేసేవారు, కొలిమి వేడికి ఎదురుగా నిలబడేవారు దీనిని పని వల్ల వచ్చిన నలుపు అనుకుని వదిలేస్తుంటారు. చికిత్స ఇద్దరికీ ఒకటే.

ఎవరికి చూపించాలి? పరీక్షలు చాలా చేస్తారా?

చర్మవ్యాధుల నిపుణులకు చూపించండి. బ్యూటీ పార్లరు ఆ పని చేయలేదు. ప్రభుత్వ ఆసుపత్రి అయిన కేజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది, ప్రైవేటు ఖర్చు భరించలేనివారు ఓపీ చీటీ తీసుకుని అక్కడ చూపించుకోవచ్చు. చాలావరకు కంటితో చూసే గుర్తిస్తారు. గదిలో దీపాలు ఆర్పి, ఊదారంగు కాంతినిచ్చే వుడ్స్ లాంప్ అనే చిన్న దీపంతో చూడటమూ ఉంది: రంగు చర్మం పైపొరలో ఉంటే ఆ వెలుగులో మచ్చ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లోపొరలో ఉంటే అంత తేడా తెలియదు. పైపొర మంగు త్వరగా తగ్గుతుంది, లోపొరది మొండిది. మనలో చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా ముఖానికి రాసిన ప్రతి గొట్టమూ, ఖాళీదైనా సరే, సంచిలో వేసుకుని వెళ్ళండి.

## ఎండ, ఉక్కపోత, వేడి

నేను ఇల్లు కదలను. నాకెందుకు సన్‌స్క్రీన్?

కిటికీ అద్దం ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలలో చర్మాన్ని కమిలించే యూవీబీ రకాన్ని ఆపుతుంది కానీ, రంగును పెంచే యూవీఏ రకాన్ని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా, ముఖ్యంగా అందులోని నీలి భాగం, మన రంగు చర్మాలలో మంగును పెంచుతుంది. బాల్కనీలో బట్టలు ఆరవేయడం, మేడ మీద వడియాలు పెట్టడం, పిల్లల బస్సు కోసం గేటు దగ్గర నిలబడటం, ఇవన్నీ ఎండ లెక్కలోకే వస్తాయి. కారు నడిపేవారికి కుడి కిటికీ పక్కన ఉన్న కుడి చెంపకు ఎండ ఎక్కువ తగులుతుంది. ట్యూబులైటుకూ ఫోను తెరకూ మాత్రం భయపడనక్కరలేదు. సూర్యకాంతి ముందు వాటి వెలుగు లెక్కలోకి రాదు.

రోజూ సన్‌స్క్రీన్ రాస్తున్నాను, అయినా మంగు పెరుగుతోంది. ఎందుకు?

నూటికి తొంభై మంది విషయంలో తప్పు మోతాదులోనే ఉందని నా అనుమానం. చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలుగా పిండితే వచ్చేంత క్రీము ముఖానికీ మెడకూ కావాలి. మనం శనగగింజంత తీసుకుని నాలుగు చోట్ల చుక్కలు పెట్టి పామేస్తాము. మీ గొట్టమే మీకు సాక్ష్యం: 50 గ్రాముల గొట్టం రోజుకు రెండుసార్లు సరిగా వాడితే నెల దాటి రాదు. నాలుగు నెలలు వస్తోందంటే మీరు రాస్తున్నది దానిలో నాలుగో వంతే.

రెండోది చెమట. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఉక్కపోతలో ఉదయం ఎనిమిదింటికి రాసినది పదింటికి కర్చీఫులో ఉంటుంది. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, చెమటను తుడిచి కాకుండా అద్ది ఆరబెట్టాలి. మందపాటి క్రీముల కన్నా జెల్ రకం మన గాలికి నప్పుతుంది.

మూడోది, పై పెదవినీ చెవుల ముందు భాగాన్నీ మరచిపోవడం. నేను కూడా చాలాకాలం మీసాల చోటు వదిలేసి, అక్కడే మంగు ఎందుకు మిగిలిందా అని ఆశ్చర్యపడ్డాను.

ఎస్‌పీఎఫ్ 30 చాలా, 50 కావాలా? రంగు కలిపినది ఎందుకు కొనమంటున్నారు?

సరైన మోతాదులో రాస్తే ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో సుమారు 97 శాతాన్ని, 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. తేడా చిన్నదే, కానీ మనం ఎలాగూ తక్కువ రాస్తాము కనుక 50 తీసుకోవడం మంచిది. ఆ అంకె యూవీఏ గురించి చెప్పదు, అందుకు గొట్టం మీద పీఏ అన్న అక్షరాల పక్కన ఉన్న ప్లస్ గుర్తులను చూడాలి. ఎక్కువ ఉంటే మేలు. మామూలు సన్‌స్క్రీన్లు కంటికి కనిపించే వెలుతురును ఆపవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమరంగులో ఉండేవి దానిని కూడా కొంత ఆపుతాయి. మంగు ఉన్నవారికి అవి ప్రత్యేకంగా మేలు చేయడానికి కారణం ఇదే. మచ్చ కొంచెం కప్పబడటం అదనపు లాభం.

పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తాను. మానేయాలా?

మానవద్దు, వేళ మార్చుకోండి. మన ఊళ్ళో సూర్యుడు సముద్రం మీద నుంచి లేస్తాడు. జూన్ నెలలో ఐదున్నర లోపే తెల్లవారి ఎండ వచ్చేస్తుంది. కాళీమాత గుడి వైపు నుంచి ఉత్తరంగా నడిచేవారికి వెళ్ళేటప్పుడు కుడి బుగ్గ మీద, తిరిగి వచ్చేటప్పుడు ఎడమ బుగ్గ మీద ఎండ తిన్నగా పడుతుంది. దానికి తోడు ఇసుక అతినీలలోహిత కిరణాలలో దాదాపు 15 శాతాన్ని, అలల నురుగు 25 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి, అందుకే టోపీ ఒక్కటే సముద్రపు ఒడ్డున చాలదు. ఏడింటిలోపు నడక ముగించండి, లేదా సాయంత్రానికి మార్చుకోండి; అప్పటికి సూర్యుడు ఊరి వెనక్కి పోయి భవనాల నీడ రోడ్డు మీద పడుతుంది.

గడియారం లేకపోయినా ఒక కొలత ఉంది. మీ నీడ మీ కన్నా పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు. విశాఖలో గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడు ఇంచుమించు నడినెత్తికి వస్తాడు. మే రెండోవారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో మరొకసారి నీడ పూర్తిగా కాళ్ళ కిందికి చేరుతుంది. వేసవి అయిపోయిందని ఆగస్టులో గొడుగు మూలన పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. పలుచని మబ్బు ఎండ చురుకును కప్పుతుందే కానీ యూవీని పెద్దగా ఆపదు.

చున్నీ కట్టుకుని బండి నడుపుతాను కదా, చాలదా?

వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అవతలి వేళ్ళు కనిపిస్తే ఆ గుడ్డ ఎండను కూడా అలాగే వదులుతుంది. మందపాటి ముదురురంగు నూలు గుడ్డ మేలు, అయినా కళ్ళ కింద, ముక్కు దూలం మీద ఖాళీ మిగులుతుంది కనుక కింద సన్‌స్క్రీన్ ఉండవలసిందే. కూడలిలో సిగ్నలు దగ్గర నిలబడిన రెండు నిమిషాలలో ఆ ఖాళీయే ఎండకు దొరుకుతుంది.

పొయ్యి దగ్గర వేడి వల్ల కూడా పెరుగుతుందా?

పెరగవచ్చు. వేడి ఒక్కటే కూడా కొందరిలో మంగును రెచ్చగొడుతుంది. వంట మానలేము కానీ, దోసెలు పోసేటప్పుడు పెనం మీదికి ముఖం వంచకుండా ఉండటం, పొగగొట్టం ఫ్యాను వేయడం, ముఖానికి ఆవిరి పట్టడం మానేయడం మన చేతిలో ఉన్నవే.

## మందులు, చికిత్సలు

మందుల షాపులో ఇచ్చిన క్రీముతో పది రోజులలోనే తెల్లగా అయ్యాను. ఎందుకు ఆపమంటున్నారు?

ఆ పది రోజులే నన్ను కూడా మోసం చేశాయి. మంగు మొదలైన రెండో ఏట ఎదురింటి పిన్నిగారు చెప్పిన క్రీమును డాక్టరు చీటీ లేకుండా కొని ఎనిమిది నెలలు రాశాను. మొదటి నెలలో అందరూ మెచ్చుకున్నారు. ఆరో నెలకు ఎండలోకి వెళితే మిరపకాయ రాసినట్టు మంట, గడ్డం నిండా మొటిమలు, చెంపల మీద సన్నని ఎర్రని దారాల్లా రక్తనాళాలు. ఆపిన వారానికి మంగు మునుపటి కన్నా ముదురుగా తిరిగి వచ్చింది. సరిచేసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ గొట్టంలో ఉన్నది స్టెరాయిడ్. అది వాపునూ ఎరుపునూ అణచి, రంగును తాత్కాలికంగా తగ్గించి, చర్మాన్ని పలుచన చేస్తుంది. ముఖచర్మం దానికి అలవాటుపడ్డాక ఆపితే తిరగబడుతుంది. గొట్టం మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుసినోలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. ఇలాంటి పూతమందులను చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన మార్చింది. అయినా కౌంటరు మీద దొరుకుతూనే ఉన్నాయి, మనం అడుగుతూనే ఉన్నాము.

పేరూ ఊరూ లేని ఫెయిర్‌నెస్ క్రీముల సంగతి ఇంకా ఘోరం. వాటిలో కొన్నింట పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం ప్రాంతంలో అటువంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల వ్యాధి బయటపడింది.

నెలల తరబడి రాశాను, ఇప్పుడు ఆపితే ముఖం ఎర్రబడి మండుతోంది. మళ్ళీ రాయనా?

మళ్ళీ మొదలుపెట్టవద్దు. ఒక్కసారిగా ఆపడమా, క్రమంగా తగ్గించడమా అన్నది డాక్టరు నిర్ణయించాలి, కనుక ఈ వారంలోనే చూపించుకోండి. ఈలోగా సువాసన లేని మాయిశ్చరైజరు, చల్లటి నీటి తడిగుడ్డ, ఎండ నుంచి రక్షణ తప్ప ముఖానికి మరేదీ రాయకండి. మంగు సంగతి చర్మం కుదుటపడ్డాక చూసుకోవచ్చు.

డాక్టరు రాసిన మూడు మందుల క్రీములో కూడా స్టెరాయిడ్ ఉంది కదా? మరి అది ఎలా మంచిది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ మూడింటినీ కలిపి ఒక మిశ్రమం ప్రకటించారు. నేటి ట్రిపుల్ క్రీములు దాని సంతానమే. హైడ్రోక్వినోన్ మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, ట్రెటినాయిన్ పైపొర కణాలను త్వరగా రాల్చి మందును లోపలికి పోనిస్తుంది, స్టెరాయిడ్ ఆ రెండింటి వల్ల వచ్చే మంటను తగ్గిస్తుంది. రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, పలుచగా, కొన్ని వారాల గడువుతో వాడితే ఇది ఇప్పటికీ బలమైన మందు. అదే గొట్టాన్ని చీటీ పాతబడ్డాక సొంతంగా కొంటూ ఏళ్ళ తరబడి ముఖమంతా రాస్తే విషమవుతుంది. హైడ్రోక్వినోన్‌ను మితిమీరి వాడినవారిలో ఓక్రోనోసిస్ అనే నీలి నలుపు వస్తుంది. అది మంగు కన్నా మొండిది. గడువు రాయని చీటీ చేతికి వస్తే "ఎన్ని వారాలు, ఆ తరువాత ఏమిటి?" అని అక్కడే అడగండి.

ఇంకా నెమ్మదైన మందులున్నాయి: అజిలాయిక్ ఆమ్లం, కోజిక్ ఆమ్లం, విటమిన్ సి, నియాసినమైడ్. ఇవి ఆలస్యంగా పనిచేస్తాయి కానీ ఎక్కువకాలం వాడుకోవచ్చు.

ఎన్నాళ్ళకు తగ్గుతుంది?

తేడా కంటికి తెలియడానికే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. పైపొర చర్మం అడుగు నుంచి పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. నల్లబడ్డ కణాలు రాలిపోవాలంటే అటువంటి రెండు మూడు విడతలు గడవాలి. రోజూ అద్దంలో వెతుక్కోవడం మానేసి, నెలకోసారి ఒకే కిటికీ పక్కన, ఒకే వేళకు ఫొటో తీసుకోండి. నేను ప్రతి నెలా పౌర్ణమి నాడు తీసుకుంటాను, తేదీ మరచిపోకుండా ఉంటుందని.

ట్రానెక్సామిక్ మాత్రలు వేసుకోవచ్చా? స్నేహితురాలికి బాగా పనిచేసింది.

డాక్టరు మీ ఆరోగ్య చరిత్ర అడిగిన తరువాతే. ఇది నిజానికి రక్తస్రావాన్ని ఆపే మందు. మంగుకు తక్కువ మోతాదులో, సాధారణంగా 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కొన్ని నెలలు ఇస్తారు. మొండి మంగులో మంచి ఫలితం ఇస్తుంది. కానీ కాళ్ళలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టినవారికి, పక్షవాతం లేదా గుండెజబ్బు వచ్చినవారికి, హార్మోను గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారికి, గర్భిణులకు ఇది తగదు. స్నేహితురాలి చీటీ చూపించి కొనవలసిన మాత్ర కాదు.

లేజరు చేయించుకుంటే ఒక్కసారితో పోతుందా?

పోదు. మన రంగు చర్మంలో లేజరు వేడి వల్ల మచ్చ మరింత ముదిరే ప్రమాదం ఉంది, తగ్గినా కొన్ని నెలలలో తిరిగి రావడం మామూలే. గ్లైకోలిక్ ఆమ్లం రాసి పైపొరను రాల్చే పీలు కూడా అనుభవం ఉన్న చేతిలో, తక్కువ గాఢతతో మొదలుపెట్టి, పూతమందులకు తోడుగా మాత్రమే. ముందుగానే పది సిట్టింగుల డబ్బు ప్యాకేజీగా కట్టించుకునే చోట నేనైతే కుర్చీలోంచి లేచి వచ్చేస్తాను.

నిమ్మరసం, పసుపు, బంగాళాదుంప రసం?

నిమ్మరసం వద్దే వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి, నల్లటి చారలు పడతాయి. పసుపు, సున్నిపిండి హాని చేయకపోవచ్చు కానీ గట్టిగా రుద్దడం చేస్తుంది, ఆ రాపిడికే రంగు పెరుగుతుంది. బంగాళాదుంపను కూరలో వేసుకోండి.

## గర్భం, మాత్రలు

అయిదో నెల. ముఖమంతా మంగు. ఇప్పుడు ఏమి వాడాలి?

సన్‌స్క్రీన్, గొడుగు, ఓపిక. హైడ్రోక్వినోన్ చర్మం ద్వారా ఒంట్లోకి గణనీయంగా చేరుతుంది, ట్రెటినాయిన్ కూడా గర్భిణులకు తగదు, కనుక రెండూ వద్దు. అవసరమైతే డాక్టరు అజిలాయిక్ ఆమ్లం రాస్తారు. ప్రసవం తరువాత కొన్ని నెలలలో చాలామందికి దానంతట అదే పలుచబడుతుంది. కడుపులో ఆడపిల్ల ఉంటే మంగు వస్తుందనీ, మగపిల్లవాడైతే రాదనీ చెప్పే పెద్దమ్మల మాటకు నవ్వి ఊరుకోండి.

మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను. దానివల్లనే వచ్చిందా?

కావచ్చు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు కొందరిలో మంగును తెస్తాయి. సొంతంగా ఆపేస్తే అనుకోని గర్భం రావచ్చు కనుక, ముందు స్త్రీవైద్యులతో మాట్లాడి హార్మోను లేని కాపర్-టీ వంటి మార్గానికి మారడం తెలివైన పని. మాత్ర ఆపినా మచ్చ వెంటనే పోదు.

## తగ్గాక, మళ్ళీ వచ్చాక

పూర్తిగా పోతుందా, పోదా? సూటిగా చెప్పండి.

మచ్చ కనిపించనంతగా తగ్గుతుంది, చాలామందికి తగ్గింది కూడా. ఆ కణాల స్వభావం మాత్రం మారదు. బీపీలాగా అదుపులో పెట్టుకోవలసినది, పంటి నొప్పిలాగా పీకేయదగినది కాదు. శాశ్వతంగా పోగొడతామన్న బోర్డు ఎక్కడ కనిపించినా ఆటో ఆపకండి.

ఏడాది బాగుంది, ఒక్క రోజు ఎండకు మళ్ళీ వచ్చేసింది. మందు పనిచేయనట్టేనా?

మందు పనిచేసింది, ఎండ కూడా పనిచేసింది. నాకు ఒక ఏడు చందనోత్సవం నాడు సింహాచలం క్యూలో నాలుగు గంటలు నిలబడ్డాక నెల రోజుల కష్టం వెనక్కి పోయింది. అప్పటి నుంచి కొండకు వెళ్ళేటప్పుడు వెడల్పు గొడుగు, సంచిలో చిన్న గొట్టం తప్పనిసరి. ఆషాఢంలో గిరిప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లు నడవాలనుకునేవారు పొద్దు వాలాక మొదలుపెడితే ఎక్కువ దూరం రాత్రే గడుస్తుంది.

మచ్చ తిరిగి రాగానే పాత గొట్టం వెతికి రాయకండి. సన్‌స్క్రీన్‌ను రెండు వారాలు కచ్చితంగా పాటించి, అప్పటికీ ముదురుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మచ్చ తగ్గిన కాలంలో కూడా బలమైన మందు మాని నెమ్మదైన మందు ఏదో ఒకటి కొనసాగించమని చాలామంది వైద్యులు చెబుతారు. మే నెల వచ్చే ముందే, అంటే ఉగాది నాటికే, ఆ మందు గురించి మాట్లాడుకోవడం నాకు కలిసి వచ్చింది.

సన్‌స్క్రీన్ రాస్తే డి విటమిన్ తగ్గదా?

ముఖాన్ని కాపాడుకుని చేతులకూ కాళ్ళకూ కాసేపు ఎండ తగలనివ్వవచ్చు. లోపం ఉందని పరీక్షలో తేలితే మాత్రలున్నాయి.

పెళ్ళికి వెళితే అందరూ "ముఖానికి ఏమైందమ్మా?" అంటున్నారు. వెళ్ళాలంటేనే విసుగు.

ఆ విసుగు నాకు తెలుసు. ఒకసారి భోజనాల బంతిలో పక్కన కూర్చున్నావిడ విస్తరిలో పప్పు వడ్డించకముందే మూడు వైద్యాలు వడ్డించారు. నేను ఇప్పుడు "మంగండీ, మందు వాడుతున్నాను" అని ఒక్క వాక్యం చెప్పి, వాళ్ళ పిల్లల చదువుల గురించి అడుగుతాను. కప్పుకోవాలనుకుంటే పీచ్ పండు రంగు కన్సీలరు ముందు, దాని మీద మీ రంగు ఫౌండేషను వేస్తే నలుపు బాగా అణుగుతుంది. రాత్రి రుద్దకుండా కడిగేయండి. మనసు కుంగి బయటికి వెళ్ళడమే మానేస్తుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి, అది కూడా ఈ జబ్బులో భాగమే.

ఏ మార్పు కనిపిస్తే ఆగకుండా వెళ్ళాలి?

ఒకే మచ్చ మిగతావాటి కన్నా వేగంగా పెరిగినా, అంచులు గరుకుగా మారినా, ఉబ్బినా, రక్తం కారినా, పుండు పడినా ఆలస్యం చేయవద్దు. మంగు ఈ పనులేవీ చేయదు. కొత్త క్రీము రాసిన తరువాత ముఖం వాచినా, నీటి పొక్కులు లేచినా ఆ రోజే వెళ్ళండి. ట్రానెక్సామిక్ మాత్ర వేసుకుంటున్నవారికి ఒక కాలి పిక్క నొప్పితో వాచినా, ఊపిరి అందకపోయినా, చూపు మసకబారినా మాత్ర ఆపి, వేళతో పని లేకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళి, ఏ మాత్ర ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారో ముందుగా చెప్పండి.